పచ్చజొన్న పేపర్ మీద పేర్లు

18 జూన్ 2007, వనపర్తి

మా హెడ్ దేవరాజు సార్ డిపార్ట్‌మెంట్ వాళ్లందరినీ తన గదిలోకి పిలిచారు. ఫిబ్రవరిలో మా కాలేజీకి గ్రేడ్ ఇచ్చే టీమ్ వస్తోంది. బిల్డింగు చూస్తరు, ల్యాబు చూస్తరు, ఆఖరికి మీ పేపర్లెన్ని అంటరు, గప్పుడేం జెప్పాలె అని అడిగారు. మా బాటనీ నుంచి జర్నల్‌లో అచ్చయిన పేపర్ ఒక్కటీ లేదు. కాలేజీ పేరు పెరిగేదీ తరిగేదీ వాటితోనేనట. గ్రేడ్ రాకపోతే ఇక్కడ ఎమ్మెస్సీ ఎత్తేస్తారట.

అందరూ నా వైపు చూశారు. నా దగ్గర పచ్చజొన్న పని ఉంది. కోతల ముందు వాన పడితే హైబ్రిడ్ జొన్న కంకి బూజు పట్టి నల్లబడుతుంది. నాటు రకం పచ్చజొన్న తట్టుకుంటుంది. ఎందుకని? బిజినేపల్లిలో రంగమ్మ అనే రైతు చేనులో కొన్నేళ్లుగా అదే చూస్తున్నాను.

19 జూన్

ఆ ఒక్క పనినే నాలుగు పేపర్లు చేయమన్నారు సార్. ఏది పంపినా అచ్చేసే జర్నళ్లు ఉన్నాయని తోటి లెక్చరర్ భాస్కర్ వంత పాడాడు. ఒక్క కంకిని తుంచి నాలుగు కంకులని అమ్ముతారా అన్నాను. కాస్త గట్టిగానే అన్నాను. అంటే అన్నాను.

2 జూలై

రాజీ కుదిరింది. పేపర్ ఒక్కటే, మంచి జర్నల్‌కే. కానీ పేర్లు స్టాఫ్ అందరివీ. పెండ్లిపత్రికల ఒక్క చిన్నాయన పేరు మరిచినా అలుగుతడు గదమ్మా అన్నారు సార్. మొత్తం ఎనిమిది మంది తేలారు. బూజు పట్టిన కంకిని చేతితో ముట్టింది నేనొక్కదాన్నే.

బస్టాండ్ పక్క నెట్ సెంటర్ నుంచి పంపాను. ఒప్పుకున్నందుకు నా మీద నాకే చిరాకుగా ఉంది.

11 సెప్టెంబర్

ఎడిటర్ నుంచి మెయిల్. తెరవలేదు.

12 సెప్టెంబర్

తెరిచాను. పని బాగుందట. ఆ వాక్యం మళ్లీ మళ్లీ చదువుకున్నాను. కానీ ఇంకో సీజన్ లెక్కలు కావాలట. పైగా ఎనిమిది మందిలో ఎవరు ఏ పని చేశారో ఎవరికి వారు రాసి సంతకం పెట్టాలట.

ప్రింటవుట్ చదివి సార్ చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నారు. నేను చాయ్ తాపించిన అని రాయొచ్చా మేడం అని ల్యాబ్ అసిస్టెంట్ నిరంజన్ అడిగాడు. నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. చివరికి సారే అన్నారు, అబద్ధం మీద సంతకం ఎట్ల పెడ్తం, చేను ఇంకా నిలబడే ఉంది గద, పోయి పని జేద్దాం నడువుండ్రి అని.

14 అక్టోబర్, ఆదివారం

నాతో చేనుకు వచ్చింది సార్, నిరంజన్. అంతే.

వారం రోజులుగా ముసురు. రంగమ్మ చేనులో ఒక పక్క హైబ్రిడ్, ఒక పక్క పచ్చజొన్న. హైబ్రిడ్ మొత్తం నల్లబడింది. నా లెక్కలకు ఇంతకంటే మంచి వాన దొరకదు. సంబరపడ్డాను. తర్వాత రంగమ్మ ముఖం చూశాను, సిగ్గేసింది. నాకు లెక్కలు, ఆమెకు తిండి.

సార్ ప్యాంటు మడిచి బురదలో దిగి ఒక్కో కంకీ చూసి చెప్పారు, నిరంజన్ రాసుకున్నాడు. ప్యాంట్లేసుకొని బురదల దిగిన ఈ పెండ్లోళ్లు ఎవరు బిడ్డా అని అడిగింది రంగమ్మ. పెండ్లిపత్రిక పోలికతో సహా పేర్ల కథ చెప్పాను. ఆమె కొడవలి కింద పెట్టింది. చేను నాది, మా అత్త కాలం సంది ఏరి దాస్తున్న ఇత్తనం, గా పత్రికల నా పేరు లేదా అంది. అటు తిరిగి కూర్చుంది. అచ్చం సార్ చెప్పిన చిన్నాయన అలకే.

బస్సులో సార్ అన్నారు, ఆమె అడిగింది న్యాయమే గదమ్మా అని.

22 అక్టోబర్

నేను చేనుకు రాలే మేడం, నా పేరు కొట్టేయుండ్రి అన్నాడు భాస్కర్. పెండ్లిపత్రికలో తన పేరు తీసేయమన్న మనిషిని ఇంతవరకు చూడలేదు. అతనంటే మొదటిసారి గౌరవం కలిగింది. సాయంత్రానికి మిగతావాళ్లూ అదే మాట అన్నారు. నేను, సార్, నిరంజన్ మిగిలాం. రంగమ్మ పేరు చేర్చి, కొత్త లెక్కలతో పేపర్ మళ్లీ పంపాలి.

19 ఫిబ్రవరి 2008

టీమ్ వచ్చి వెళ్లింది. పేపర్లెన్ని అన్నారు. ఒకటి, అదీ ఇంకా అచ్చు కాలేదు అని సార్ గొంతు తగ్గించకుండా చెప్పారు. టీమ్‌లో ఒక పెద్దాయన దాన్ని అడిగి తీసుకుని, భోజనాల దగ్గర పళ్లెంలో అన్నం చల్లారేదాకా చదివాడు. ఎమ్మెస్సీ ఉంటుందో లేదో చెప్పలేదు.

5 మే

జర్నల్ వాళ్లు పేపర్ ఒప్పుకున్నారు. ఎమ్మెస్సీ ఉంటుంది. గ్రేడ్ అంతంతమాత్రమే, అయినా సార్ అందరికీ మైసూర్‌పాక్ పంచారు. నేను రెండు తిన్నాను.

3 నవంబర్

ధార్వాడ్ నుంచి ఒక జొన్న సైంటిస్ట్ ఉత్తరం. మీ వనపర్తి పని చదివాము, కొంచెం విత్తనం పంపగలరా అని. పైన డియర్ డాక్టర్ రంగమ్మ అని ఉంది.

బిజినేపల్లి పోయి చదివి వినిపించాను. ఇస్త గానీ, పండినంక రెండింతలు వాపస్ ఇయ్యాలె, మా ఊర్ల అందరికీ గదే రివాజు అని రాయమంది. రాశాను. కింద వేలిముద్ర వేసింది. డాక్టర్ అన్న మాట కొట్టేయాలా అని అడిగాను.

ఉండనీ బిడ్డా అంది.