అక్క పేరు లేని బోర్డు

గాజువాక, ఆదివారం

నువ్వు పిరికివాడివి అని నాకు నేనే రాసుకుంటున్నాను. ఆడవాళ్ల హక్కుల గురించి మీటింగుల్లో గంటలకొద్దీ మాట్లాడతావు. ఇవాళ మేనల్లుడి కొత్త హోటల్ ముందు రిబ్బన్ కత్తెర పట్టుకుని, ఒక్క ప్రశ్న అడిగి నోరు మూసుకున్నావు.

ఇరవై ఏళ్లు బండి మీద చేపల పులుసు అమ్మి ఆ హోటల్ పెట్టించింది అక్క. బోర్డు మీదేమో చనిపోయిన బావ పేరు. ఆయన ఏనాడూ ఒక్క ప్లేటు కడిగిన పాపాన పోలేదు.

"మీ అమ్మ పేరేదిరా?" అని అడిగాను.

"బొట్టు లేని మనిషి పేరెడితే బేరం సాగుతాదేటి మావయ్యా?" అన్నాడు.

కొత్త పొయ్యి మీద పాలు పొంగించడానికీ ఆమెను రానివ్వలేదు. కోడలు పొంగించింది. అక్క గుమ్మం బయటే నిలబడి నవ్వింది.

"పోన్లేరా తమ్ముడూ. రేపట్నుంచి ఆ పొయ్యి నానే కదా ముట్టించాల."

ఆ మాట విన్నాక కూడా రిబ్బన్ కత్తిరించాను. చప్పట్లు కొడితే చేతులు కూడా జోడించాను. ఇంక ఏ మొహంతో మైకు పట్టుకోవాలో...

రేపు వాడిని అడగాల్సినవి:

ఆ బోర్డు దించాలి.
అక్క పేరుతో కొత్తది రాయించాలి.
పాలు మళ్లీ పొంగించాలి, ఆమె చేత్తో, వీధంతా చూస్తుండగా.
ఇవన్నీ వాడిని చాటుకు పిలిచి కాదు, అక్క ఎదుటే అడగాలి.