వంకరగా కూర్చున్న బంపర్ లిప్

ఆదివారం రాత్రి

మా ఆయన ఈరోజు కారు ముందు బంపర్‌కి లిప్ బిగించాడు. ఆయనకి చూపు పోతోందని, ఇక బండి నడపొద్దని నరసరావుపేట కంటి డాక్టరు పోయిన వారమే మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాడు. ఆ సంగతి ఇంట్లో ఎత్తనివ్వడు. లిప్ అంటే బంపర్ అడుగున స్క్రూలతో పట్టించే నల్లటి ప్లాస్టిక్ పట్టీ. మెకానిక్‌ని పిలుద్దామంటే కసిరాడు. వాకిట్లో వెల్లకిలా పడుకుని, స్క్రూలు వేలితో తడుముకుంటూ మధ్యాహ్నమంతా బిగించాడు.

"ఏమే, సమంగా వచ్చిందా?" అన్నాడు లేచి.

ఎడమవైపు బాగా కిందికి జారి ఉంది. "చానా బాగా వచ్చిందండీ" అన్నాను.

ఆయన వంగి, ఆ చివర నుంచి ఈ చివరకు అరచేత్తో తడిమాడు. ఎడమవైపు జారినచోట, సందు దగ్గర చెయ్యి ఆగిపోయింది.

"నాకు కనపడదని నువ్వు కూడా అబద్ధాలు మొదలుపెట్టావేందే?"

కాసేపు బంపర్‌కి ఆనుకుని నేలమీదే కూర్చున్నాడు. తర్వాత జేబులోంచి కారు తాళం తీసి నా చేతిలో పెట్టి లోపలికి వెళ్లిపోయాడు.

తాళం తనంతట తానే ఇవ్వాలని వారం నుంచీ మొక్కుకుంటున్నాను. ఇచ్చాడు. అన్నం తినకుండా గోడవైపు తిరిగి పడుకున్నాడు. నిద్రపోలేదని తెలుస్తూనే ఉంది. పిలవడానికి ధైర్యం చాలడం లేదు...