టెక్లా కట్టిన అంటు

సువావ్కి, మే 20

ప్రియమైన బ్రోన్యాకు,

నువ్వు క్షేమంగా శాండొమీజ్ చేరావని మీ ఆయన ఫోన్లో చెప్పాడు. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. తింటున్నాను, పడుకుంటున్నాను. మీ అక్క టెక్లాను మట్టిలో పెట్టిన రోజు నా కంట నీరు రాలేదని ఊళ్లో చెప్పుకుంటున్నారట. నిజమే, రాలేదు. ఇప్పటికీ రాలేదు. చేయి మీద పడుకుని లేస్తే చేయి మొద్దుబారుతుంది చూడు, మనిషి మొత్తం అలా ఉన్నాను.

జబ్బు సంగతి జనవరిలోనే నీకు తెలుసని, టెక్లా నాకు చెప్పొద్దందని నువ్వు బస్సెక్కుతూ చెప్పావు. నాకు కోపం లేదు. కోపం రావాలంటే లోపల ఏదో ఒకటి ఉండాలి కదా.

ఉత్తరం రాస్తున్నది వేరే పని మీద. పెరట్లో ప్లాస్టిక్ గుడారంలో టెక్లా ఏప్రిల్లో కట్టిన అంటు మొక్కలు ఉన్నాయి. మా చలి నేలలో పుచ్చ వేళ్లు కుళ్లిపోతాయని, గుమ్మడి మొలక నడుం కోసి దాని మీద పుచ్చ మొలకను కూర్చోబెట్టింది. ఈ విద్య నువ్వే నేర్పావట. బ్లేడు ఆమెది, మొలకను పట్టుకున్న చేయి నాది. అన్నీ వాలిపోయాయి, ఒక్కటి నిలబడింది. మే 15న చలి సోఫియా పండుగ, ఆఖరి మంచు రోజు అంటారే, అది దాటాక దాన్ని గుర్రపు పేడ గుంటలో నాటాను. నల్ల ప్లాస్టిక్ పరిచి చుట్టూ రాళ్లు పెట్టాను. ఆ తర్వాత ఏం చేయాలో నాకు తెలీదు. ముప్పై ఏళ్లు రైల్వే గేటు తీసి వేసినవాడికి వ్యవసాయం ఏం తెలుస్తుంది? వెంటనే రాయి.

మీ బావ,
జెనోన్


శాండొమీజ్, జూన్ 18

ప్రియమైన బావకు,

వెంటనే రాయమన్నావు, నెల చేశాను. చెర్రీల కోతలు మొదలయ్యాయి. పొద్దున చెట్టెక్కితే చీకటి పడ్డాకే దిగడం. ఇది సాకని నీకూ తెలుసు. నీకేం రాయాలో తెలియక రాయలేదు.

సరే, పని మాటలు. రాత్రిపూట పాత దుప్పటి కప్పు. చన్నీళ్లు పోయకు, పీపాలో ఎండకు వెచ్చబడ్డ నీళ్లే పోయాలి. అన్నిటికన్నా ముఖ్యం, అంటు కట్టిన చోటుకి కింద, అంటే గుమ్మడి కాలు మీద, చిగురు వస్తే గోటితో గిల్లెయ్. దాన్ని వదిలితే పైనున్న పుచ్చను తినేస్తుంది. పుచ్చాకు చీలికలు చీలికలుగా ఉంటుంది, చిన్నది, బూడిద రంగు. అది మనది. ఇంకేది కనిపించినా తీసి పారెయ్.

అన్నట్టు, పొద్దస్తమానం రొట్టె, ఊరగాయ దోసకాయలతో సరిపెట్టకు. ఒక పూటైనా సూప్ కాచుకో. అక్క ఉంటే అట్లకాడ పుచ్చుకునేది.

ప్రేమతో,
నీ మరదలు బ్రోన్యా


సువావ్కి, ఆగస్టు 6

ప్రియమైన బ్రోన్యాకు,

నీ ఉత్తరం అందేసరికి గిల్లడం అయిపోయింది, అందుకని ఆ ముక్క పైపైన చూసి వదిలేశాను. కంగారు పడకు, నాకు నేనే సరిగ్గా చేశాను. మే చివర మంచు పడ్డాక పాదుకి రెండు చిగుళ్లు వచ్చాయి. ఒకటి బక్కది, చీలికల ఆకులది, రేపో మాపో పోయేలా ఉంది. రెండోది కింద నుంచి గుర్రంలా లేచింది. క్యారెట్లు పలచన చేసేటప్పుడు టెక్లా ఎప్పుడూ అనేది కదా, బలమున్నదాన్ని ఉంచు, నీరసంగా ఉన్నదాన్ని పీకు అని. అలాగే బక్కదాన్ని తీసేశాను. ఇప్పుడు తీగ గుడారం కప్పు దాటి కంచె మీద పాకింది. పువ్వు నా అరచేయంత ఉంది.

కాయ కూడా పడింది! పచ్చగా, తెల్ల చారలతో, అచ్చం బజార్లో అమ్మేదే. పక్కింటి కాజిక్ కంచె మీంచి చూసి, నా ముద్దుపేరుతో పిలిచి, "ఏమయ్యా జెనెక్, సువావ్కిలో పుచ్చకాయా? రేపు అరటి గెల వేస్తావా ఏంటి?" అన్నాడు. పోయి తట్టి చూశాడు కూడా.

సెప్టెంబరు 23 సెయింట్ టెక్లా పండుగ, అంటే మన టెక్లా నామదినం. ఆ రోజు దాన్ని కోస్తాను. కాజిక్‌నీ, వాళ్లావిడనీ, చర్చి పాటల బృందం వాళ్లనీ పిలిచాను. పొద్దున్నే లేస్తున్నది దాని కోసమే. నీతో కాబట్టి చెబుతున్నాను, అది కోసి నోట్లో పెట్టుకున్నప్పుడు నాకు ఏదో ఒకటి అనిపిస్తుంది. అప్పుడు కూడా అనిపించకపోతే ఇక ఎప్పటికీ అనిపించదు.

మీ బావ,
జెనోన్


శాండొమీజ్, సెప్టెంబరు 12

ప్రియమైన బావకు,

ఈ ఉత్తరం ఎన్నిసార్లు రాసి చించానో నాకే తెలీదు. మా ఆయన, "నోరు మూసుకోవే, కాయ కోసుకుని సంతోషపడనీ ఆ మనిషిని," అన్నాడు. జనవరిలో అక్క మాట విని ఒకసారి నోరు మూసుకున్నాను. మళ్లీ నావల్ల కాదు.

బావా, నువ్వు తీసేసిన బక్కదే పుచ్చ. నువ్వు పెంచింది గుమ్మడి కాలు. అక్క వాడిన గుమ్మడి రకం అలాంటిది, దాని కాయ బయటికి పుచ్చకాయలాగే ఉంటుంది, చారలతో సహా. గింజలు కూడా నల్లవే. లోపల మాత్రం తెల్లగా, పీచుగా, చప్పగా ఉంటుంది. నిమ్మకాయ, పంచదార వేసి ఉడికిస్తే జామ్ అవుతుంది, అంతే.

తప్పు నాది. నేను నెల ముందే రాసి ఉంటే నువ్వు దాన్ని గిల్లేవాడివి కాదు. వచ్చేవాళ్లకి ఏదో ఒకటి చెప్పి మానిపించు. నువ్వు రమ్మంటే నేను వస్తాను. రావద్దంటే రాను.

నీ మరదలు,
బ్రోన్యా


సువావ్కి, సెప్టెంబరు 24

బ్రోన్యా,

నీ ఉత్తరం పండుగకి ముందే అందింది. చదివాను. ఏమీ అనిపించలేదు. మడిచి గడియారం వెనక పెట్టాను. ఎవరినీ మానిపించలేదు. నువ్వు చెప్పింది బుర్రకి ఎక్కింది గానీ, బయటికెళ్లి కాయను చూస్తే అచ్చం పుచ్చకాయే. నీకేం తెలుసు, నువ్వు చూడలేదు కదా అనుకున్నాను.

నిన్న అందరూ వచ్చారు. పెరుగు కేకు తిన్నారు, టెక్లా పేరున పాట పాడారు. కాయను బల్ల మీద పెట్టి కత్తి దించాను. తెల్లగా ఉంది బ్రోన్యా. ముల్లంగిలా తెల్లగా ఉంది.

అందరూ మెడలు చాచి చూశారు. చివరికి కాజిక్ అన్నాడు, "పైన పటారం లోన లొటారం అంటే ఇదేనా జెనెక్?" వాళ్లావిడ వాడి కాలు తొక్కింది. అప్పుడు వచ్చింది నాకు కోపం. కాజిక్ మీద కాదు. గోడ మీదున్న మీ అక్క ఫొటో కేసి తిరిగి, పాటల బృందం అందరి ముందూ అరిచాను. "నీకు తెలుసు కదే! ఇది కాసేనాటికి నువ్వుండవని తెలిసే కట్టావు కదా! గుమ్మడేదో పుచ్చేదో తెలియని మొద్దుని అని కూడా తెలుసు! నేను పోతున్నాను, చీలికల ఆకుని కాపాడుకో అని ఒక్క ముక్క చెప్తే నీ సొమ్మేం పోయింది? నన్ను ఏమనుకున్నావు, చంటిపిల్లాడినా?" కాయ సగం ముక్కను పొయ్యి మీదికి విసిరాను. అది పగిలి గింజలు గదంతా చిందాయి.

ఆ తర్వాత కూర్చుని ఏడ్చాను. ఆపుదామంటే ఆగలేదు. ఆడవాళ్లు మెల్లగా లేచి వెళ్లిపోయారు. కాజిక్ మాత్రం ఉండిపోయి, చీపురు తీసుకుని గింజలు ఊడ్చాడు. వాడు ఇంట్లో చీపురు పట్టగా నేనెప్పుడూ చూడలేదు.

పొద్దున లేచాక ఆకలేసింది. రెండు గుడ్లు వేయించుకుని తిన్నాను. ఉప్పు ఎక్కువైంది.

కోపం లేదని మేలో రాశాను. అది అబద్ధమో, అప్పటికి నిజమో తెలీదు. ఇప్పుడు మాత్రం నీ మీద కోపంగా ఉంది, చాలా కోపంగా ఉంది. జనవరి నుంచి మే దాకా మీ అక్కా నువ్వూ కలిసి నా దగ్గర నాలుగు నెలలు దాచేశారు. ఆ నాలుగు నెలలూ నేను ఆమెతో తలుపు గొళ్లేల గురించీ బొగ్గు ధర గురించీ మాట్లాడాను. తెలిసి ఉంటే వేరే మాటలు మాట్లాడేవాణ్ణి.

ఇదంతా కాగితం మీద కుదరదు. రావాలా వద్దా అని అడిగావు. రా. ఆదివారం బస్సుకి రా. ఎదురుగా కూర్చోబెట్టి నిన్ను కడుపారా తిట్టాలి. టెక్లా లేదు, తిట్టడానికి నాకు నువ్వు తప్ప ఎవరున్నారు?

కోపంతో,
నీ బావ జెనెక్