పైన పదిహేను నిమిషాలు

జూన్ 2, సోమవారం

కొత్త మేనేజర్ మెయిల్ పెట్టాడు. మా పార్కులో సుడిగుండం రైడ్ రిజర్వేషన్ గేటు దగ్గర దయ మరీ ఎక్కువైపోయిందట.

దయ అంటే స్కానర్ పక్కన ఉండే పసుప్పచ్చ బటన్. టైము దాటి వచ్చినవాళ్లని లోపలికి పంపాలంటే అది నొక్కాలి. దాని అసలు పేరు ఓవర్‌రైడ్. ఆ పేరు మేనేజర్లు తప్ప ఎవరూ వాడరు.

మా పద్ధతి ఇది. పొద్దున మెషిన్ దగ్గర చీటీ తీసుకుంటారు. దాని మీద ఒక గంట టైము ఉంటుంది, మూడున్నర నుంచి నాలుగున్నర అన్నట్టు. ఆ గంటలో వస్తే పెద్ద క్యూలో నిలబడక్కర్లేదు, నా గేటులోంచి పోవచ్చు. పైకి చెప్పని సంగతి ఒకటుంది. ఐదు నిమిషాలు ముందొచ్చినా, పదిహేను నిమిషాలు ఆలస్యంగా వచ్చినా లైటు పచ్చగానే వెలుగుతుంది. ఇది బోర్డు మీద రాయరు. జనానికి చెప్పకూడదని ట్రైనింగ్ మొదటిరోజే చెప్పారు. చెబితే ఆ పదిహేనూ టైములో కలిపేసుకుని, పైన ఇంకో పదిహేను అడుగుతారు.

మెయిల్ కింద మే నెల పట్టిక. సాయంత్రం షిఫ్టు పాపం సార్ నొక్కిన దయ నాలుగు వందల పన్నెండు. నేను సున్నా.

పాపం సార్‌కి వేరే పేరుంది. వచ్చిన ప్రతివాణ్నీ చూసి "పాపం" అని బటన్ నొక్కుతాడు కాబట్టి ఈ పేరు స్థిరపడింది. నన్ను వెనకాల తాళంకప్ప అంటారు. ఫరవాలేదు. తాళంకప్ప పని కూడా ఎవరో ఒకరు చెయ్యాలి.

జూన్ 5, గురువారం

ఈ రోజు సాకులు. బాత్రూము దగ్గర లైను. ఎగిరిపోయిన టోపీ. వాచీ ఆగిపోయింది (ఇద్దరు). మామగారు అలిగి బెంచీ మీద కూర్చుండిపోయారు.

ఒకాయన పదహారో నిమిషానికి వచ్చాడు. ఒక్క నిమిషానికి కొంపలు మునిగిపోతాయా అన్నాడు. మునగవు. కానీ ఆయనకు ఆ నిమిషం ఇస్తే, పదిహేడో నిమిషం మనిషి ఆయన భుజం వెనకే నిలబడి ఉంటాడు. ఇదంతా చెప్పలేదు. ఎర్రలైటు చూపించాను. గొణుక్కుంటూ పోయి, నా డ్యూటీ అయ్యేదాకా ఎదురుగా బెంచీ మీద కూర్చుని, పాపం సార్ రాగానే ఎక్కేశాడట.

జూన్ 8, ఆదివారం

తమ్ముడు ఈ రోజు కూతురు పిట్టను వాళ్లమ్మకు ఐదు గంటల ఏడు నిమిషాలకు అప్పగించాడు. నేను రాశాను. మరదలు సంతకం పెట్టింది, వాడూ పెట్టాడు. ఐదు దాటడం ఇది రెండోసారి.

విడాకుల కాగితంలో వాడికి దక్కినవి ఆదివారాలు. పదకొండు నుంచి ఐదు దాకా. నా పాస్ మీద పిట్టకూ వాడికీ టికెట్టు అక్కర్లేదు కాబట్టి ఆదివారాలన్నీ మా పార్కులోనే గడుస్తాయి. ఐదింటికి మెయిన్ గేటు దగ్గర వాళ్లమ్మకు అప్పగించాలి. నా షిఫ్టు నాలుగూ నలభై ఐదుకు అయిపోతుంది, నేను సాక్షిగా వెళ్లి పుస్తకంలో టైము రాస్తాను. ఆరు నెలల్లో మూడుసార్లు ఐదు దాటితే వారంవారం కాస్తా నెలకొకసారి అయిపోతుంది. ఒక్క నిమిషం దాటినా దాటినట్టే.

వాళ్లిద్దరూ జీవితంలో ఒక్క విషయంలోనే ఏకమయ్యారు. టైము దగ్గర నేను అబద్ధం రాయను అని.

మరదలిది పంతం అనలేను. పిట్ట ఒకటో క్లాసులో ఉండగా బడి నుంచి తీసుకురావాల్సినవాడు మరిచిపోయాడు. బయట వాన. బడి మెట్ల మీద రెండు గంటల ఇరవై నిమిషాలు కూర్చుంది. వాచ్‌మన్ గొడుగు పట్టుకుని పక్కన నిలబడ్డాడు. ఆ కాపురం ఆ రోజే అయిపోయింది. కాగితాలు తర్వాత వచ్చాయి.

పిట్టకు ఎనిమిదేళ్లు. వయసుకు చిన్నగా ఉంటుందని పిట్ట అంటాం. సుడిగుండం ఎక్కాలంటే నూట ఇరవై సెంటీమీటర్లు ఉండాలి. రెండేళ్లుగా ప్రతి ఆదివారం నా గేటు దగ్గరి కొలతకడ్డీ కింద నిలబడుతోంది. ఈ రోజు నూట పంతొమ్మిదిన్నర.

జూన్ 9, సోమవారం

తమ్ముడికి వాచీ కొన్నాను. మూడోది.

జూన్ 18, బుధవారం

తమ్ముడు భోజనానికి వచ్చాడు. ఏడున్నరకు రమ్మన్నాను. ఎనిమిదిన్నరకు వచ్చాడు. వాడికి ఎప్పుడూ గంట ముందు టైము చెబుతాను కాబట్టి కూరలు వేడిగానే ఉన్నాయి.

దయ పట్టిక సంగతి చెప్పాను. గొప్పగానే చెప్పాను, దాచడమెందుకు. వాడు మెచ్చుకోలేదు. నెల మొత్తం మీద ఒక్కళ్ల మీద కూడా జాలి కలగలేదా అక్కా అన్నాడు. ఎక్కడో చురుక్కుమంది. మాకూ జాలి ఉందిరా, పైకి చెప్పమంతే అన్నాను. పదిహేను నిమిషాల సంగతి చెప్పేశాను.

నమలడం ఆపేశాడు. అయితే నాలుగున్నర అంటే నాలుగూ నలభై ఐదన్నమాట అన్నాడు. వాడి మొహం వెలిగిపోయింది. నేను నాలుక కరుచుకున్నాను. ఏడేళ్ల ఉద్యోగంలో బయటివాళ్ల దగ్గర నోరు జారడం ఇదే మొదటిసారి. జారింది కూడా ఎవరి దగ్గర? వీడి దగ్గర.

జూన్ 22, ఆదివారం

పిట్ట కడ్డీకి తల ఆనించి గర్వంగా చూసింది. బూట్లు విప్పమన్నాను. లోపల మడతలు పెట్టిన పేపర్ నాప్‌కిన్లు, కాలికి నాలుగు చొప్పున. తండ్రీకూతుళ్లిద్దరూ ఆకాశం చూశారు.

నాప్‌కిన్లు తీస్తే వెంట్రుకవాసి తక్కువ. పంపలేదు. వచ్చే వారం పొద్దున్నే కొలవాలి అత్తా, పొద్దున మనుషులు కొంచెం పొడుగుంటారట అంది. ఎక్కడ నేర్చుకుందో. నిజమే.

అప్పగింత 4:59. తమ్ముడు పరుగెత్తుతూ వచ్చాడు.

జూన్ 29, ఆదివారం

ఉదయం 11:40. టీ బ్రేక్.

అయింది. నూట ఇరవై. బూట్లు లేకుండా, మడమలు నేలకు ఆనించి. రెండుసార్లు కొలిచాను. పిట్ట చేతికి పచ్చ బ్యాండ్ కట్టాను. వెనకాల క్యూలో ఉన్నవాళ్లకు తన ఎత్తు తనే ప్రకటించింది, ఎవరూ అడగకుండానే.

వాళ్లకు దొరికిన చీటీ మూడున్నర నుంచి నాలుగున్నర. తమ్ముణ్ని పక్కకు పిలిచి చెప్పాను. ఈ రోజు ఒక్క బండే నడుస్తోంది, రెండోది రిపేరు. నా గేటు దాటాక కూడా ఇరవై నిమిషాలు పడుతోంది. సరిగ్గా మూడున్నరకు వచ్చెయ్యి అన్నాను. అలాగే అక్కా అన్నాడు. చేతికి నేను కొన్న వాచీ ఉంది.

సాయంత్రం 6:30

వరసగా రాస్తాను.

మూడున్నరకు రాలేదు. నాలుగుకూ రాలేదు. నాలుగున్నరకూ రాలేదు. ఫోను లాకర్లో ఉంటుంది, చేయడానికి లేదు. నాలుగూ నలభై నాలుగుకు ఇద్దరూ పరుగెత్తుకుంటూ వచ్చారు. పిట్ట మూతికి ఐస్‌క్రీమ్. తమ్ముడు వాచీ మీద వేలు పెట్టి చూపించి కన్నుగీటాడు. ఇంకో నిమిషం ఉంది కదక్కా అన్నాడు. ఎక్కడ చచ్చారని అడిగితే పడవలు రెండుసార్లు ఎక్కామని, నలభై ఐదు దాకా ఉందిగా అని తొందరపడలేదని చెప్పాడు.

నా బుర్రలో లెక్క అదంతటదే నడిచింది. లైనులో ఇరవై నిమిషాలు. రైడ్ మూడు. మెయిన్ గేటుకు నడక పది. ఐదూ పదిహేడు.

మరి ఐదింటి సంగతేమిట్రా అన్నాను మెల్లిగా. వాడు నవ్వాడు. రాసేది నువ్వే కదక్కా అన్నాడు. అక్కడా ఓ పదిహేను ఉంటుందిగా అన్నాడు.

ఈలోగా పిట్ట మునివేళ్ల మీద లేచి తన చీటీ తనే స్కానర్ మీద పెట్టింది. లైటు పచ్చగా వెలిగింది.

నేను దాని మీద అరచెయ్యి పెట్టాను. టైము అయిపోయింది అన్నాను.

ఆ లైటు నా నడుము ఎత్తులో ఉంటుంది. పిట్టకు సరిగ్గా మొహానికి ఎదురుగా. వేళ్ల సందుల్లోంచి పచ్చగా కనిపిస్తూనే ఉంది. అత్తా, నీ చేతికింద పచ్చలైటు ఉంది అంది. లేదు అన్నాను. అది ఏడవలేదు. నా చేతిని చూసింది, నా మొహం చూసింది, మళ్లీ చేతిని చూసింది. ఏడిస్తే నయంగా ఉండేది.

నీకు మనుషులకన్నా గడియారం ఎక్కువ అన్నాడు తమ్ముడు. వాడు నా మీద గొంతు పెంచడం చిన్నప్పటి తర్వాత ఇదే. అప్పుడే పాపం సార్ డ్యూటీకి వచ్చాడు. పిల్ల మొహం చూసి ఏమీ అడక్కుండానే ఆయన చెయ్యి బటన్ మీదికి పోయింది. నేను పిట్ట చెయ్యి పట్టుకుని నడిచాను. రెండో చేతిలో చీటీ అలాగే పట్టుకుని వచ్చింది.

మెయిన్ గేటు 4:56. రాశాను. తమ్ముడు సంతకం పెట్టాడు.

ఐదయింది. మరదలు లేదు. ఐదూ ఐదు. ఐదూ పది. తమ్ముడు ఫోన్ చేశాడు, ఎత్తలేదు. ఐదూ పదిహేడుకు నేను వాచీ చూడకుండా ఉండలేకపోయాను. ఐదూ ఇరవై రెండుకు రొప్పుకుంటూ వచ్చింది. తను పనిచేసే మందుల షాపులో తర్వాతి అమ్మాయి రాలేదట, కౌంటరు వదిలి రాలేకపోయిందట. పిట్టకు మూడుసార్లు సారీ చెప్పింది. ఎక్కావా, ఎలా ఉంది అని అడిగింది. పిట్ట నన్ను చూసింది. తమ్ముడు బూట్లు చూసుకున్నాడు.

పుస్తకంలో మరదలి టైము రాయడానికి గడి లేదు. అలాంటిది అవసరం పడుతుందని ఎవరమూ అనుకోలేదు.

ఎక్కి ఉంటే ఆమె కన్నా ఐదు నిమిషాలు ముందే గేటు దగ్గర ఉండేవాళ్లు. ఆమె చూసేది కూడా కాదు. అప్పుడు నేను ఐదు అని రాసేదాన్నా? రాసేదాన్ని కాదేమో. ఐదూ పదిహేడనే రాసి, నా చేత్తోనే వాడి ఆదివారాలు కోసేసేదాన్ని. ఆ సంగతి నాకు గేటు దగ్గరే తెలుసు. పుస్తకంలో అబద్ధం రాయలేనని పిల్లతో అబద్ధం ఆడాను. బాధగా ఉంది. రాసినా తగ్గడం లేదు.

జూన్ 30, సోమవారం

నిన్న మీ చివరి చీటీ పచ్చగా నమోదైంది కానీ మనుషులు ఎక్కినట్టు లేదే అని పాపం సార్ అడిగాడు. మెషిన్ పొరపాటు అన్నాను. రెండో అబద్ధం.

జూలై 1, మంగళవారం

జూన్ దయ పట్టిక వచ్చింది. నేను సున్నా. మీటింగులో మేనేజర్ చప్పట్లు కొట్టించాడు.

జూలై 2, బుధవారం

తమ్ముడికి ఫోన్ చేసి ఉన్నదంతా చెప్పాను. ఎక్కనిస్తే మూడోది అయ్యేదిరా, నెలకొకసారి చూసుకునేవాడివి అన్నాను. ఆ ముక్క అక్కడే చెప్పి ఉంటే నేనే పిట్టను వెనక్కి తిప్పేవాణ్ని కదక్కా అన్నాడు. తిప్పేవాడో లేదో. వాడికే తెలియదనుకుంటాను. కానీ నేను చెప్పి చూడలేదు. అది మాత్రం నిజం.

పిట్ట ఏమంటోందని అడిగాను. ఏమీ అనడం లేదట. వాచీ కావాలందట. కొత్తది కొంటానంటే వద్దు, నాన్నదే కావాలందట. నేను కొన్నదే. ఆ రోజు బస్సు ఎక్కబోతూ అడిగి తీసుకుందట. అక్కడే పిన్నీసుతో బెల్టుకు ఇంకో మూడు చిల్లులు పొడిచి ఇచ్చాడట.

జూలై 4, శుక్రవారం

మరదలు మెసేజ్ పెట్టింది. ఈ ఆదివారం ఐదున్నరకు అప్పగించినా ఫరవాలేదట, పుస్తకంలో ఐదనే రాసెయ్యమంది. మొన్నటి తన ఇరవై రెండు నిమిషాలకు బదులన్నమాట. సున్నాల తాళంకప్పకు మరదలు దయ చూపించింది. మూడుసార్లు చదువుకున్నాను. థాంక్స్ అని మాత్రం పెట్టాను.

జూలై 6, ఆదివారం

చీటీ మూడున్నరది. పిట్ట నా గేటు ముందుకు మూడూ ఇరవై ఆరుకు వచ్చింది. ముందు ఐదు నిమిషాలు చెల్లుతుంది. లైనులో ఎవరూ లేరు. గేటు గొలుసు తీసి పట్టుకుని, రా అన్నాను. నిజంగానే రావచ్చు, పచ్చలైటే వస్తుంది అన్నాను.

లైటు వైపు చూడలేదు. మోచేతి దాకా జారిన వాచీని పైకి లాక్కుని చూసుకుంది. ఇంకా నాలుగు నిమిషాలు ఉంది అత్తా అంది, మర్యాదగా. గేటు ముందు నేల మీది గీత అవతలే నిలబడింది.

గొలుసు పట్టుకుని నేనూ నిలబడ్డాను.