ఫిలిప్పీన్స్ అన్న పేరు

12 ఆగస్టు 2016, ఫ్లాట్ బుష్, ఆక్లండ్

ఇవాళ స్కూల్లో మా అమ్మాయి సాహితి ప్రసంగం. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికా ప్రపంచశక్తిగా ఎలా ఎదిగిందో చెప్పింది. ఆక్లండ్ రేవుకు వాళ్ల యుద్ధనౌకలు వస్తే జనం సంబరపడిన సంగతి దాకా హాయిగా సాగింది. "ఫిలిప్పీన్స్" దగ్గరికి రాగానే చిన్నప్పటి నుంచీ ఉన్న నత్తి అడ్డం పడింది. వెనక ఎవరో నవ్వారు. తను మాత్రం ఊపిరి పీల్చుకుని ఆ పేరు పూర్తిగా పలికింది.

కారులో అడిగాను. "ఆ పేరు తీసేస్తే అయిపోయేది కదా బిడ్డా?"

"ఎట్లా తీసేస్తా మమ్మీ? అమెరికా యుద్ధం చేసి గెలిచింది వాళ్ల మీదనే కదా. వాళ్లని స్కిప్ చేస్తే స్టోరీ హాఫే."

సోమవారం తను మళ్లీ ఆ నవ్వినవాళ్ల మధ్యే కూర్చోవాలి. నాకు దిగులుగానే ఉంది. కానీ ఈ ధైర్యం దానికి ఎవరు నేర్పారో... నేనైతే కాదు.