ఎదురు వెలుతురులో సుశీల

9 నవంబర్ 1981
నిన్న సుశీల పోయింది. పొద్దున చాయ్ తాగింది. కాసేపటికి ఆయాసం. రిక్షాలో దవాఖానకు తీసుకెళ్లాను. కొంగు చక్రంలో పడుతుందని దారిలో తానే సర్దుకుంది. మధ్యాహ్నం డాక్టరు బయటికి వచ్చి తల అడ్డంగా ఊపాడు. సాయంత్రానికి అంతా అయిపోయింది.
ఇంతే.

21 నవంబర్
పటం కట్టించాలి. పెళ్లయినప్పటి నుంచి నేను ఆమెను తీసిన ఫోటోలన్నీ మంచం మీద పరిచాను. సూర్యుడు మన వీపు వైపు ఉండాలని పుస్తకంలో చదివి, ప్రతిసారీ ఆమెను ఎండకు ఎదురుగా నిలబెట్టాను. అన్నింటిలోనూ కళ్లు చికిలించి ఉంది. కుచ్చిళ్ల మీద నా తల నీడ.
"ఇగ ఊపిరి తీసుకోవచ్చునా, దొరా?" — తీసిన ప్రతిసారీ అనేది.

6 డిసెంబర్
హన్మకొండలో మా ఫోటో మిత్రుల ప్రదర్శన. మా ఆఫీసు రాజమౌళి తీసిన బొమ్మ ముందే జనమంతా. వెలుతురుకు ఎదురుగా తీశాడు. దొడ్డి గుమ్మంలో ఒక స్త్రీ, చేతుల్లో చేట, చుట్టూ మెరిసే తౌడు ధూళి. పక్కకు తిరిగి ఉంది, మనిషంతా నలుపు. కింద "గృహిణి" అని రాశాడు.
ఆ ముక్కు, ఆ ముడి. మా గుమ్మం. సుశీల.
నవ్వుతోంది. పెదవి అంచులో తెలుస్తోంది.
"మీ ఇంటికొచ్చిన నాడు చెప్పకుంట తీసిన అన్నా. చెప్తె వదినె బిగుసుకపోతుండె," అన్నాడు రాజమౌళి.
అది నాకు తెలియదా…

7 డిసెంబర్
ఎవరిని చూసి నవ్వింది?

20 డిసెంబర్
నాకు తోడుగా ఉండడానికి వచ్చిన అక్కను అదే గుమ్మంలో చేటతో నిలబెట్టాను.
"సచ్చిపోయినదాని లెక్క నన్ను నిలవెడుతున్నవా తమ్మీ? పిచ్చి గిట్ల లేసిందా?"
నిలబడింది మాత్రం.

2 జనవరి 1982
రీలు కడిగించాను. గుమ్మం తెల్లగా మాడిపోయింది. అక్క బూడిదరంగు ముద్ద. రాజమౌళికి చూపించాను.
"మనిషి మీద కొలిచినవ్ అన్నా వెలుతురు. ఆకాశం మీద కొల్వాలె. మనిషిని ఇడిసెయ్యాలె."
నాకు పాఠం — నా భార్య మీద నేర్చుకున్నది.
ఆ రోజు ఆమె ఎందుకు నవ్విందని అడిగాను. గొంతు మామూలుగానే ఉంచాను.
"యాదికి లేదన్నా." చాయ్ ఊదుకుంటూ అన్నాడు.
ఆ నవ్వు చూసినవాడు అతను. గుర్తు కూడా లేదు.

17 జనవరి
రాజమౌళి ఒక కాపీ పంపించాడు. అక్క చాలాసేపు చూసింది.
"గోడకు గిదే పెట్టు. గిదే మన సుశీల."
ముఖమే కనబడదు కదా అక్కా, అన్నాను.
"నువ్వు తీసినవాట్ల కనవడ్తాందా?"

18 జనవరి
ఆ కాపీని బీరువాలో బోర్లా పెట్టాను.

24 జనవరి
ఆ బొమ్మను హైదరాబాద్ పోటీకి పంపుతాడట. "వదినె పేరు పెడుదమా అన్నా? నువ్వెట్లంటె గట్లనే." మంచివాడు. అదే కష్టం… తిట్టడానికి కూడా వీలివ్వడు.
రేపు పొద్దున మట్టెవాడలో రాజమౌళి ఇంటికి వెళ్తాను, అతను బయటికి కదలకముందే. నెగెటివ్ అడుగుతాను. ప్రింటు కాదు, నెగెటివ్. అతని దగ్గర ఆమె ఏ రూపంలోనూ ఉండకూడదు.