మునిలక్ష్మి పుస్తకానికి ముందుమాట

5 అక్టోబరు 2003, ఆదివారం

స్వభాను నామ సంవత్సరం, ఆశ్వయుజ శుద్ధ దశమి. విజయదశమి. ఎవరి ఆయుధాన్ని వారు పూజించుకొనే దినం. వ్రాసేవానికి కలమే ఆయుధం. ఈ దినం చేతికి వచ్చిన వ్రాతప్రతిని కాదనరాదని మా గురువుగారి నియమం.

ఉదయం మునిలక్ష్మి అనే ఆమె వచ్చింది. ఊరు కదిరి దగ్గర. మా నగరం అంచున హెబ్బగోడి అవతల ఏడంతస్తుల ఆఫీసు భవనం కడుతున్నారట, అక్కడ ఇటుకలు మోస్తుంది. పదో తరగతి చదివింది. తనతో రెండేళ్ళుగా పనిచేస్తున్న అరవైమందిని గురించి, మనిషికొక పుట చొప్పున వ్రాసుకొన్నది. అది పుస్తకం కావాలి. మా నగర్తపేట ప్రెస్సు మహబూబ్ బాషా ఆమెను నా దగ్గరకు పంపాడు. అయివారి ముందుమాట లేని పుస్తకం తాంబూలం లేని పెండ్లి అన్నాడట. ఆ మాటకు పొంగిపోయాను.

అడిగింది గనుక చెప్పాను. కాగితానికి ఒకవైపే వ్రాయాలి. అంచు వదలాలి. నకలు దగ్గర ఉంచుకోకుండా ప్రతిని ఎవరికీ ఇవ్వరాదు, నాకైనా సరే. ప్రూఫును కంటితో కాదు, నోటితో చదవాలి. ఎన్ని ప్రతులు వేయాలో తెలియాలంటే ఎన్ని చేతులు అందుకొంటాయో లెక్కపెట్టుకోవాలి.

అంతా విని ఒక్కటే అడిగింది. కార్తీక పున్నమికి బిల్డింగు అప్పజెప్తారు అయివారూ, ఆమీద మావోళ్ళు తలా ఒక దిక్కు పోతారు, అడ్రసు లేనోళ్ళు, అంతలోపల వాళ్ళ చేతికి వస్తాదా అని.

వస్తుందన్నాను.

8 అక్టోబరు

మూడుసార్లు చదివాను. ఆవులప్ప అనే తాపీ మేస్త్రి తాపీని కడిగి తలదగ్గర పెట్టుకోనిదే నిద్రపోడట. అంజినమ్మ ఒక్కొక్క అంతస్తుకు ఒక్కొక్క బిడ్డ పేరు పెట్టుకొన్నది. బిడ్డలు ఆరుగురే. ఏడో అంతస్తుకు పక్క గది పిల్ల పేరు పెట్టిందట.

నేను దిద్దవలసినది ఏమీ కనబడలేదు. ఎందుకో మనసు కుదురుగా లేదు.

13 అక్టోబరు

ముందుమాట మొదలుపెట్టాను. సంప్రదాయం ప్రకారం మొదట ఇష్టదేవతాస్తుతి, తరువాత పూర్వకవిస్తుతి, పిమ్మట గ్రంథ ప్రశంస. పదకొండు పుటలయ్యాయి. మునిలక్ష్మి పేరు ఇంకా రాలేదు.

17 అక్టోబరు

సీసపద్యం నాలుగో పాదం కుదరలేదు.

20 అక్టోబరు

ప్రెస్సుకు వెళ్ళాను. మునిలక్ష్మి తన గది తలుపు వేసుకొని ప్రూఫంతా పైకి చదివి తప్పులు పట్టిందట. పదహారేసి పుటల ఫారాలు ఐదూ అచ్చయి మడతపడి ఉన్నాయి. మొదటి ఫారంలో నాకోసం నాలుగు పుటలు ఖాళీగా వదిలాడు బాషా. ఎన్ని పుటలు రాసినారు సామీ అన్నాడు. ముప్ఫైయొకటి అన్నాను. పెద్ద అక్షరాల అచ్చులో పుస్తకం మొత్తం ఎనభై పుటలు. ఇంటికన్నా వసారా పెద్దదయితాండాదే అని నవ్వాడు. నీకు శాస్త్రం తెలియదన్నాను. నాకు తెలిసిన శాస్త్రం ఒకటే, కుట్టని పుస్తకం పుస్తకం కాదు అన్నాడు.

ఇంటికి వచ్చి నాలుగు పుటలు కొట్టివేశాను. ఆరు పుటలు వ్రాశాను.

29 అక్టోబరు

మునిలక్ష్మి కాయిన్ బూతు నుండి ఫోన్ చేసిందట. కోడలు హేమలత తీసింది. అయివారి ఆరోగ్యం ఎట్లుండాదని అడిగి పెట్టేసిందట. ఆలస్యం మాటే ఎత్తలేదు. ఎత్తి ఉంటే కోపగించుకొనే వీలైనా దొరికేది.

1 నవంబరు

ముప్ఫైయెనిమిది పుటలు. ముగించలేకపోతున్నాను. కారణం పద్యం కాదు. నా భాగవత వ్యాఖ్యానం ఇరవైయేండ్లుగా బీరువాలో ఉంది. పందొమ్మిది పుస్తకాలకు ముందుమాటలు వ్రాశాను. నా పేరు అచ్చులో చూసుకొన్నది పరాయివారి గుమ్మాలలోనే. ఒకసారి కూర్చొంటే లేవబుద్ధి కాదు.

3 నవంబరు, సోమవారం, పదకొండు గంటలు

బాషా కబురు పంపాడు. బిల్డింగు పని ముందే ముగిసిందట. రేపు తెల్లవారుతూనే పనివాళ్ళను తీసుకుపోను రెండు లారీలు. ఒకటి దేవనహళ్ళి వైపు, ఒకటి మద్రాసుకు.

అదే రోజు, సాయంత్రం

ప్రెస్సులో మునిలక్ష్మి నిలబడి ఉంది. రెండు రోజులు ఆగమన్నాను. సిగ్గు లేకుండా అన్నాను. అయివారూ, మీరు రాసేది ఉండేవాళ్ళకి, నేను రాసింది పోయేవాళ్ళకి అంది. కోపం లేదు ఆ గొంతులో. ఒక పుట చాలు, ఇప్పుడు రాసిస్తారా అని కూడా అడిగింది. కాగితం ముందు పెట్టారు. చేయి ఆడలేదు.

బైండరు ఊళ్ళో లేడు. గోనెసంచులు కుట్టే దబ్బనం, పురికొస తెప్పించింది. బాషా రంధ్రాలు వేశాడు. ఆమె కుట్టింది. నేను ఫారాలు వరుస పెట్టాను. మధ్యలో ఒక పుస్తకానికి మూడో ఫారం రెండుసార్లు పెట్టాను. ఇదేంది అయివారూ, ఆవులప్పకు కవలలు పుట్టించినారే అంది. పొద్దుగూకేసరికి అరవైయెనిమిది ప్రతులు.

4 నవంబరు

మొదటి బస్సుకు వెళ్ళాను. రెండు లారీలూ సామాను ఎక్కించుకొని ఉన్నాయి. చదవడం వచ్చినవారు రానివారికి వినిపిస్తున్నారు. అంజినమ్మ అరుస్తోంది, ఏమే మునీ, ఏడో అంతస్తు సంగతి గూడా రాసేస్తివా, ఆ పిల్ల తల్లి నన్ను బతకనిస్తాదా అని. ఆవులప్ప తన పుట విని, ఇంకోసారి చదవమ్మా, ఆ ఆవులప్ప మంచోడుగా ఉండాడే అన్నాడు.

అప్పుడు ఎవరో మొదటి ఖాళీ పుటల మీద తన ఊరిపేరు వ్రాసి పక్కవానికి చూపాడు. అంతే. పుస్తకాలు చేతులు మారాయి. పెన్నులు చాలలేదు. నా ముందుమాటకని వదిలిన నాలుగు పుటలూ ఊళ్ళపేర్లతో, పక్కింటి ఫోను నంబర్లతో నిండిపోయాయి. ఆవులప్పకు వ్రాయడం రాదు. నా చేతికి పెన్ను ఇచ్చి, మీరు రాయండి సామీ అన్నాడు. ఆవులప్ప, ఎర్రగుంటపల్లె, కదిరి తాలూకా. లారీ కదిలేలోపు చేతికందిన ముప్ఫైరెండు పుస్తకాలలో అదొక్కటే వాక్యం వ్రాశాను. డ్రైవరు హారన్ కొడుతూనే ఉన్నాడు.

8 నవంబరు, కార్తీక పూర్ణిమ

ఇకమీదట వ్రాయబోయే బిడ్డలారా, మీరెవరో నేనెరుగను. మీ పాఠకుడు లారీ ఎక్కకముందే మీ పుస్తకానికి కుట్టు పడుగాక. ముందుమాట వ్రాసేవాని కోసం మీరు ఆగకుందురుగాక. వాడు నేనైనా సరే.